ఉగాది పచ్చడి - షడ్రుచుల విచారము

ఉగాదినాటి ఉదయమున అభ్యంగనస్నానానంతరము వేపపూవుతో కూడిన పచ్చడిని భుజించుట తెలుగువారి ఆచారము. ఆ సమయమున పఠింపబడు శ్లోకములలో రెండు ప్రసిద్ధములు. మొదటిది నింబకందళభక్షణమును ప్రశంసించుచు, దానివలన శతాయువును, వజ్రదేహమును, సర్వసంపదలును కలుగుననియు, అరిష్టములన్నియు నశించుననియు చెప్పుచున్నది. రెండవది ఇంకొంచెము వివరముగ, సంవత్సరాదినాడు తొలిజామున వేపపూవును శర్కరతోను, పులుపుతోను, నేతితోను కలిపి తినినచో ఆ యేడు సుఖముగ గడచునని తెలుపుచున్నది. ఈ రెంటిని శ్రద్ధతో చదివినవారికి ఒక సంగతి తోచక మానదు. మొదటిదానిలో వేపచిగురు తప్ప మఱియొక ద్రవ్యము లేదు. రెండవదానిలో చేదు, తీపి, పులుపు, నెయ్యి కలవు. ఉప్పు లేదు, కారము లేదు, వగరు లేదు. మామిడికాయ పేరైన లేదు. షడ్రుచులను మాట ఈ రెంటిలో ఎచ్చటను కానరాదు.

అయినను నేడు పాఠశాలలలో బాలురచే వల్లెవేయింపబడునది షడ్రుచుల పట్టికయే. వేపపూవు చేదు, బెల్లము తీపి, చింతపండు పులుపు, ఉప్పు, మిరపకాయ కారము, మామిడికాయ వగరు అని ఆఱింటిని లెక్కించి, అవి జీవితములోని సుఖదుఃఖాదులకు సంకేతములని చెప్పుదురు. వ్యాఖ్యానము మనోహరమే. కాని ఈ పట్టికను అనాదిసిద్ధమైన శాస్త్రముగ భావించి, దానికి సరిపడని పచ్చడిని అపభ్రష్టమని నిరసించుటయు కొన్నియెడల కలదు. తెలంగాణమున కుండలో కలిపి త్రాగు పచ్చడి ఇట్టి నిరసనకు తఱచుగా పాత్రమగుచున్నది. ఆ నిరసన ఎంతవఱకు న్యాయమో విచారింపవలసియున్నది.

ఇరుగుపొరుగు దేశముల ఆచారములు ఈ విచారమునకు తోడ్పడగలవు. కన్నడిగులు ఉగాదినాడు తినునది బేవు-బెల్ల, అనగా వేపయు బెల్లమును మాత్రమే. మహారాష్ట్రులు గుడిపాడ్వానాడు వేపాకును బెల్లము మొదలగువానితో నూరి తిందురు. తమిళులు సౌరమానము ననుసరించి చిత్తిరై మాసపు మొదటిదినమున మామిడికాయను బెల్లముతో ఉడికించి పచ్చడి చేయుదురు. వేపపూవును నేతిలో వేచి అందు కలుపు ఇండ్లు కలవు. శ్లోకములో చెప్పబడి తెలుగు పచ్చడినుండి జారిపోయిన నెయ్యి, అరవవారి వంటయింట ఈ విధముగ నిలిచియుండుట గమనింపదగినది. ఇన్నింట తప్పక కనబడునవి వేప, తీపి అను రెండే. తక్కినవి ఆయా సీమలవారు చేర్చుకొనినవి.

ఆఱు రుచులలో చరిత్రకారునకు మిక్కిలి పనికివచ్చునది కారము. మిరప ఈ దేశపు మొక్క కాదు. అమెరికా ఖండమున పుట్టి, 16వ శతాబ్దమున పోర్చుగీసువారి ఓడలమీద పశ్చిమతీరమునకు చేరినది. దాని పేరే ఈ కథను చెప్పుచున్నది. మిరియమువలె కారముగల కాయ కనుక అది మిరపకాయ యైనది. తమిళమున మిళగు నుండి మిళగాయ్, కన్నడమున మెణసు నుండి మెణసినకాయి ఏర్పడినవి. మూడు భాషలవారును క్రొత్త వస్తువునకు పాత వస్తువు పేరునే మార్చి పెట్టుకొనిరి. 16వ శతాబ్దపు తొలిపాదమున వెలసిన ఆముక్తమాల్యదలో శ్రీకృష్ణదేవరాయలు విష్ణుచిత్తుని ఆతిథ్యమును ఋతుక్రమమున వర్ణించుచు, చలికాలపు భోజనమున మిరియపుపొడి చల్లిన కూరలను, ముక్కునకెక్కు ఆవ పచ్చళ్లను పేర్కొనెను. పచ్చడి అను మాట అప్పటికే కలదు. దానికి ఘాటు నిచ్చినది ఆవ. మిరపకాయ ప్రసక్తి ఆ వడ్డనలో లేదు. కావ్యములనుండి ఇట్లు జనుల తిండితీర్థములను వెలికితీయు మార్గమును సురవరం ప్రతాపరెడ్డి 1949లో వెలువడిన ఆంధ్రుల సాంఘిక చరిత్రలో విస్తారముగ త్రొక్కి చూపెను.

ఇబ్రహీంపట్నము ఈ కాలనిర్ణయమునకు చక్కని గుఱుతుగ నున్నది. ఇది విజయవాడ చెంత కొండపల్లికి దాపున నున్న ఇబ్రహీంపట్నము కాదు. హైదరాబాదునుండి నాగార్జునసాగరమునకు పోవు త్రోవలో, 1978లో ఏర్పడిన రంగారెడ్డి జిల్లాలోనిది. దీని పేరు గోలకొండను 1550 మొదలు 1580 వఱకు ఏలిన ఇబ్రహీం కుతుబ్‌షాను స్మరింపజేయుచున్నది. రాజ్యమునకు వచ్చుటకు ముందు ఏడేండ్లు విజయనగరమున అళియ రామరాయల ఆశ్రయమున గడపి తెలుగు రుచి నెఱిగినవాడు. తెలుగు కవులు అతనిని మల్కిభరాముడని పిలిచిరి. అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానమును అతనికే అంకితమిచ్చెను. ఊరి పెద్దచెరువు అతని కాలమున కట్టబడినది; హైదరాబాదులోని హుస్సేన్‌సాగరమును ఆ కాలపుదే. మిరప సముద్రతీరమున దిగి ఎన్నో యేండ్లు గడవనప్పుడు ఈ చెరువుకట్ట లేచినది. ఆనాడు ఈ ఊర వేపపూవుతో పచ్చడి కలిపిన గృహిణి యెవరైన నుండి, అందు కారము వేసియున్నచో, అది మిరియమో, ఆవయో, అల్లమో అయి యుండవలెను. కావున షడ్రుచులలో మిరపకాయకు స్థానమిచ్చిన నేటి పట్టిక ఈ చెరువుకన్న పాతది కాజాలదు.

ఇక ఈ సీమలో పచ్చడి చేయు విధము. ఇబ్రహీంపట్నపు చుట్టుపట్ల, తెలంగాణపు తక్కిన పల్లెలయందువలెనే, పండుగకు క్రొత్తకుండ తెత్తురు. దానిని కడిగి, పసుపు పూసి, కుంకుమ పెట్టి, మెడకు మామిడాకుల కంకణము కట్టుదురు. ఆ యేటి క్రొత్త చింతపండును నీట నానవేసి, పిసికి, పిప్పి తీసి, ఆ పులుసును కుండలో పోయుదురు. పెద్ద నిమ్మకాయంత చింతపండునకు దానికి రెండు మూడింతల క్రొత్తబెల్లము తురిమి కరగింతురు. మామిడికాయను సన్నని ముక్కలుగ తఱుగుదురు. కొబ్బరిముక్కలు, పుట్నాలపప్పు, అరటిపండు చేర్తురు. ద్రాక్షపండ్లు వేయువారును కలరు. హైదరాబాదు చుట్టును అనాబ్-ఎ-షాహీ ద్రాక్షతోటలు 20వ శతాబ్దమున పేరెన్నికగన్నవి; ఆ పండు ఉగాది వేళకే చేతికి వచ్చునది కనుక కుండలో దిగుట వింత కాదు. కారమునకు కొందఱు మిరియపుపొడి, కొందఱు చిటికెడు మిరపపొడి వేయుదురు. తుదకు వేపపూవు. దానిని కాడలనుండి దులిపి, అరచేతుల నడుమ నలిపి, చేటలో చెరిగి, ఱేకులను మాత్రము తీసి వేయవలెను. పచ్చని తొడిమ కలిసినచో చేదు హద్దు మీఱును. ఈ పచ్చడిని గ్లాసులలో పోసి త్రాగి, పిమ్మట బక్షాలతో భోజనము చేయుదురు. దీనికి పొయ్యితో పనిలేదు, రోటితోను పనిలేదు.

సర్కారు జిల్లాలలో పచ్చడి చిక్కగ, నాలుకపై వేసికొని నాకునట్లుండును. దానికి అలవాటుపడినవారు ఈ పలుచని పచ్చడిని చూచి ఇది పచ్చడియా, పానకమా అని నవ్వుదురు. నవ్వుటకు ముందు ఆ మాట పుట్టుకను తలచుట మేలు. పచ్చడి అను మాటకు పచ్చి అను మాటతో చుట్టఱికము కలదు; వండనిది యనుట దాని మొదటి భావము. తెలంగాణమున రోట దంచిన దానికి తొక్కు అని వేఱు పేరు కలదు. నూరక, వండక కలిపిన ఉగాది పచ్చడియందు ఆ మాట తన తొలి అర్థమును నిలుపుకొనియున్నది. ఇదే సీమలో నిత్యము చేసికొను పచ్చిపులుసు చింతపండు రసమును కాచకయే చేయునది. ఉగాది పచ్చడి దానికి తీయని తోబుట్టువు. ఇట్టి పులుసు నెఱిగిన జనులకు వేపపూవును పలుచని చింతపండు నీటిలో వేసికొనుట సహజమే గదా!

కుండ విషయమునను ఒక ఊహకు తావున్నది. చైత్రమున చలివేంద్రములు పెట్టుటయు, ఉదకకుంభమును దానమిచ్చుటయు ధర్మగ్రంథములు విధించినవి. ఎండలు ముదురు వేళ క్రొత్తకుండ ఇంటికి వచ్చుటయు, దానిలోనిది మొదట దప్పి తీర్చునదియై యుండుటయు ఆ విధులకు మిక్కిలి దగ్గఱగ నున్నవి. దీనికి శాసనప్రమాణము చూపలేకున్నను, గిన్నెలోని చిక్కని పచ్చడికన్న కుండలోని పలుచని పచ్చడి ఋతుధర్మమునకు తగినదనుట సాహసము కాదు.

వగరు విషయమై ఒక్కమాట. చింతపండుండగ మామిడికాయ పులుపునకై వేయబడినదనుట పొసగదు. 16వ శతాబ్దపు వైద్యగ్రంథమగు భావప్రకాశము లేత మామిడికి కషాయమును, ఆమ్లమును రెండు రసములను చెప్పినది. ఆ కషాయమే వగరు. అది పిందెలోను, తోలులోను ఉండును. కావున షడ్రుచులు కావలెనను వారు ముదిరిన కాయను చెక్కు తీసి వేసినచో, తాము చెప్పు ఆఱింటిలో ఒకదానిని తామే పాఱవేసినవారగుదురు.

తొలుత చెప్పిన శ్లోకములలో ఒకటి వేపచిగురును, మఱియొకటి వేపపూవును పేర్కొనుట పాఠభేదముగ కొందఱికి తోపవచ్చును. చెట్టును చూచినచో ఆ సందియము తీఱును. చాంద్రమానపు సంవత్సరాది ప్రతియేట ఒకే నాటికి రాదు. శోభకృత్తు 2023 మార్చి 22న వచ్చినది. క్రోధి 2024 ఏప్రిల్ 9న వచ్చినది. రెంటి నడుమ పదునెనిమిది దినముల తేడా కలదు. పండుగ ముందుగ వచ్చిన యేడు వేప ఇంకను రాగి చాయ చిగురులతో నుండును. పూగుత్తులు మొగ్గలయందే యుండును. ఆలస్యముగ వచ్చిన యేడు చెట్టు క్రింద నేలయంతయు తెల్లగ పూవు రాలియుండును. ఇబ్రహీంపట్నపు పల్లెలలో పూవు దొరకని యేడు లేత చిగురునే త్రుంచి కుండలో వేయు ఇల్లాలు శాస్త్రమును తప్పినది కాదు. ఆమె మొదటి శ్లోకమును అనుసరించినది.