ఎర్ర ఆయిల్ ఎనక తిమింగలం కథ

మా బత్తలపల్లెలో ఒకాయన పాత ఆటోమేటిక్ కారు కొన్యాడు. "గేరు ఆయిల్ ఏదైనా ఒకటే, ట్రాక్టర్‌ది పోద్దాం" అన్యాడు. నేను ఆపినా. ఎందుకో చెప్తా.

అమెరికాలో జనరల్ మోటార్స్ 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కారుకు క్లచ్ పెడలే లేని హైడ్రామాటిక్ గేర్‌బాక్స్ పెట్టింది. అందులో ఆయిల్ పనేంది? పళ్లచక్రాలను తడపడమే కాదు, ఇంజన్ బలాన్ని అందించేది, గేర్లు మార్చేది కూడా అదే. 1949లో దానికి టైప్ ఏ అని పేరు పెట్టినారు. 1960ల చివర్లో డెక్స్‌రాన్ వచ్చింది. లోపలి క్లచ్ ప్లేట్లు కుదుపు లేకుండా పట్టుకోవాలని తిమింగలం నూనె కలిపేవాళ్లు. 1970ల్లో తిమింగలాలను కాపాడాలని అమెరికా ఆ నూనె వాడకం ఆపేసింది. వేరే రసాయనాలతో డెక్స్‌రాన్-2 తెచ్చినారు. కలిపే సరుకు ఒకటి మారితే ఆయిలే మారిపోయింది సూడండి.

మొక్కజొన్న కలుపు మందు శెనక్కాయకు కొడితే చేను మాడిపోదా? ఇదీ అంతే. కారు పుస్తకంలో ఏ పేరుందో ఆ ఆయిలే పోయండి. నల్లబడి మాడు వాసన వస్తే మార్చాల్సిందే. ఒకసారి వదిలితే పాతది చానా వరకు లోపలే నిలుస్తాది. ఎంత దిగిందో కొలిచి అంతే పోసి, కొన్నాళ్లు నడిపి, ఇంకోసారి మార్చండి.