స్థానమునకు వచ్చిన రౌటరు

వ్యాకరణశాస్త్రమున స్థానివద్భావమని యొకటి కలదు. ఒకదానికి బదులుగా మఱియొకటి ఆదేశముగా వచ్చినప్పుడు, ఆ వచ్చినది తాను తొలగించినదాని ధర్మములను పొందును. ఈ శాస్త్రమును బాలురకు చిరకాలము బోధించిన నాకు, కంప్యూటరు నెట్‌వర్కుల చరిత్రలోను ఇదే న్యాయము గోచరించినది. ఆ కథయే నేటి ప్రసంగము.

ఒక కార్యాలయమందలి కంప్యూటర్లన్నియు స్విచ్చి యను పెట్టెకు తీగలచే కలుపబడియుండును. వెలుపలికి పోవలసిన వార్త యెల్ల రౌటరు అను ద్వారముగుండ పోవలెను. ప్రతి కంప్యూటరునందును ఆ ద్వారము చిరునామా ఒక్కటియే వ్రాసియుంచుట వాడుక. ఆ రౌటరు చెడెనా, ప్రక్కన వేఱొకటి సిద్ధముగా నున్నను కంప్యూటర్లు దాని నెఱుగవు; మూసిన తలుపునే తట్టుచుండును. 1991లో రౌటర్లు తమ యునికిని తామే చాటు పద్ధతి వెలువడెను గాని, దాని సామాన్యనియమము ననుసరించి చెడిన రౌటరును మఱచుటకు 30 నిమిషముల వఱకు పట్టవచ్చును.

సిస్కో సంస్థవారు వేఱు త్రోవ త్రొక్కిరి. రౌటర్లకు ఉమ్మడిగా ఒక కల్పిత చిరునామా నొసగిరి. ఒకటి పనిచేయును, మఱియొకటి కాచుకొనియుండును. పనిచేయునది 3 సెకండ్ల కొకమాఱు తన యునికిని తెలుపును. 10 సెకండ్లు ఆ పలుకు వినబడనిచో రెండవది ఆ చిరునామాను తాను వహించును. కంప్యూటర్లకు మార్పు తెలియనే తెలియదు. ఇదియే హెచ్.ఎస్.ఆర్.పి. 1998 మార్చిలో 2281వ ఆర్.ఎఫ్.సి.గా దీని వివరణము ప్రకటితమయ్యెను. అది సమాచారపత్రమే గాని ప్రమాణము కాదు.

మఱుసటి నెలలోనే ఇంటర్నెట్ ఇంజనీరింగ్ టాస్క్ ఫోర్సు వారు 2338వ పత్రముతో వి.ఆర్.ఆర్.పి.ని సర్వసామాన్య ప్రమాణముగా వెలువరించిరి. ఇందు పలుకు సెకండున కొకటి. మూడు తప్పినచో, నాలుగు సెకండ్లలోపుననే మార్పు జరుగును. వేఱొక భేదమును కలదు. అధిక ప్రాధాన్యముగల రౌటరు బాగుపడి వచ్చినచో వి.ఆర్.ఆర్.పి.యందు పదవిని తనంతనే తిరిగి పొందును; హెచ్.ఎస్.ఆర్.పి.యందు అట్లని ప్రత్యేకముగా నిర్దేశించియుండవలెను.

ఇచ్చట వివాదము పుట్టెను. 1995లో తాము పొందిన పేటెంటు వి.ఆర్.ఆర్.పి.కిని వర్తించునని సిస్కో వారు తెలిపిరి. ప్రమాణము అందఱిదైనప్పుడు అందలి యుపాయము ఒకరి సొత్తు కావచ్చునా? ఓపెన్ బి.ఎస్.డి. రచయితలు ఆ బంధమునకు లోబడక, కార్ప్ అను వేఱు ప్రోటోకాలును నిర్మించి, 2004 మే విడుదలలో ఉచితముగా లోకమున కొసగిరి. పలుకు నిజమైనదో కాదో తేల్చు గూఢసంకేత పరీక్షను గూడ అందు చేర్చిరి. వి.ఆర్.ఆర్.పి.లోని పాత పరీక్షలో, నిజమైన రక్షణ నీయలేకపోవుటచే, ఆ సంవత్సరపు సవరణలోనే తొలగింపబడెను.

అయితే కార్ప్‌కు ప్రత్యేక సంఖ్య లభింపలేదు. రచయితలు వి.ఆర్.ఆర్.పి. సంఖ్యయైన 112నే వాడిరి. ఒకే నెట్‌వర్కులో ఒకే గుంపుసంఖ్యతో రెండును నడచినచో నేటికిని ఒకదానికొకటి అడ్డుతగులును.

నా గురువులు విద్యకు వెల యడుగలేదు. కావున నా మనస్సు కార్ప్ వైపు మొగ్గును. కాని ఆ 112ను తలచినప్పుడెల్ల, అంగీకారము కుదరనిచోట ఔదార్యము సైతము కలహమునకు దారితీయునని యొప్పుకొనక తప్పదు. ఆ పేటెంటు గడువు నేడు తీరినది. వి.ఆర్.ఆర్.పి. 2010లో నూతన చిరునామాపద్ధతియగు ఐ.పి.వి.6ను గూడ చేర్చుకొనెను. 2024 సవరణలో 'మాస్టరు' అను పేరును విడిచి 'ఆక్టివ్' అను పేరు గైకొనెను. హక్కు గతించినది, పేరును మాఱినది. ఒకరు తొలగినను స్థానము శూన్యము కారాదను సూత్రము మాత్రము నిలిచియున్నది.