విననివారి ఎదుట మొర: శ్రీకాకుళం కొండల నుండి ఒక పరిశీలన

1967 అక్టోబరు 31న మొండెంఖల్లులో గిరిజన సంఘం మహాసభ. ఆ సభకు నడిచి వెళ్తున్న గిరిజనులను లేవిడి గ్రామం వద్ద భూస్వాముల మనుషులు అడ్డగించారు. తుపాకి పేలింది. కోరన్న, మంగన్న అనే ఇద్దరు చనిపోయారు. వారు యుద్ధానికి బయలుదేరినవారు కారు, సభకు బయలుదేరినవారు. ఉత్తరాంధ్రలో హింసను గురించి వ్రాసేవారు సాధారణంగా 1968 నుండి ప్రారంభిస్తారు. మేము ఒక సంవత్సరం వెనుకకు వెళ్లి ప్రారంభిస్తున్నాము.

నిజానికి ఇంకా వెనుకకు వెళ్లాలి. కొండప్రాంతపు భూమి అధికారి అనుమతి లేనిదే ఇతరుల చేతికి పోరాదని మద్రాసు ప్రభుత్వం 1917లోనే చట్టం చేసింది. 1959లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మరొక భూబదిలీ నిబంధన తెచ్చింది. అయినా ఉప్పు, పొగాకు, బట్ట అప్పుగా ఇచ్చి, పంటను, చింతపండును తమ ధరకే కొలుచుకుని, చివరకు భూమినే వ్రాయించుకునే షావుకార్ల పని సాగిపోయింది. సవరలు, జాతాపులు తమ పొలంలోనే పాలేర్లయ్యారు. వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం అనే ఇద్దరు బడిపంతుళ్లు వారిని సంఘంగా కూర్చి అడిగించినవి చాలా మామూలు విషయాలు: కూలి రేటు, వెట్టి రద్దు, తనఖా భూములు తిరిగి రావడం. వీటిలో చట్టానికి విరుద్ధమైనది ఏదీ లేదు. లోపం చట్టంలో కాదు, చెవిలో ఉన్నది.

ఈ చెవిటితనాన్ని లేవిడికి ముందే ఒక కథకుడు పట్టుకున్నాడు. శ్రీకాకుళం జిల్లా మురపాకలో పుట్టిన కాళీపట్నం రామారావు కథ 'యజ్ఞం' 1966లో వెలువడింది. అప్పల్రాముడి అప్పు సంగతి గ్రామసభలో తీర్పుకు వస్తుంది. పెద్దలు మర్యాదగానే మాట్లాడతారు, ధర్మం గురించి చాలా సేపు మాట్లాడతారు. తీర్పు మాత్రం భూమి పోయేటట్లే వస్తుంది. అప్పుడు అతని కొడుకు సీతారాముడు, తన బిడ్డకు పాలేరు బ్రతుకు రాకూడదని ఆ బిడ్డను తానే చంపుకుంటాడు. ఈ ముగింపు సహజమా కాదా అని విమర్శకులు ఎంతో వాదించుకున్నారు. ఆ వాదంలో తరచు మరుగున పడినది ఒకటున్నది. సీతారాముడి కత్తి షావుకారు మీదికి పోలేదు, సొంత రక్తం మీదికే పోయింది. మాటలన్నీ పెద్దలవైన చోట అతనికి మిగిలిన మాట అదే.

లేఖనాలు ఎరిగిన మనకు ఇక్కడ న్యాయాధిపతుల గ్రంథం 19వ అధ్యాయం గుర్తు రాక మానదు. లేవీయుడు తన ఉపపత్ని దేహాన్ని ముక్కలు చేసి గోత్రాలన్నిటికీ పంపాడు. ఇశ్రాయేలు అంతా విన్నది, యుద్ధానికి లేచింది, బెన్యామీను గోత్రం దాదాపు నశించింది. అయితే ఆ స్త్రీ పలికిన ఒక్క మాటైనా మనకు దక్కలేదు. హింస వినబడుతుంది, కాని బాధితుని కంఠంతో వినబడదు. ఇది మాకు శ్రీకాకుళం చరిత్రలోనూ కనబడుతున్నది.

లేవిడి కేసులో నిందితులను న్యాయస్థానం విడిచిపెట్టింది. 1968 నవంబరు 25న గరుడభద్రలో పంట కోసుకుపోవడంతో సాయుధ దశ మొదలైంది. 1969లో చారు మజుందార్ వచ్చి వెళ్లాడు. వ్యక్తి నిర్మూలన మార్గమైంది. షావుకార్లు, భూస్వాములు హతులయ్యారు. ఆ మరణాలను మేము తేలిక చేయము. కాని చావులు పెరిగినకొద్దీ కూలి రేటు గురించిన మాట తగ్గిపోయింది. ప్రభుత్వం దృష్టిలో కొండలు శాంతిభద్రతల సమస్య అయ్యాయి. బొడ్డపాడులో అర్చకత్వం చేస్తూ, జముకుల కథను గిరిజనుల గోడుకు వాడిన సుబ్బారావు పాణిగ్రాహి 1969 డిసెంబరులో పోలీసుల చేతిలో చనిపోయాడు. జముకు శబ్దం వినడానికి ఎవరికీ ప్రాణాపాయం ఉండేది కాదు, ఇది కూడా ఆలోచించదగినది.

1970 ఫిబ్రవరి 3న 1959 నిబంధనకు సవరణ అమలులోకి వచ్చింది. ఏజెన్సీలో గిరిజనేతరుని చేతిలోనున్న భూమి గిరిజనుని నుండి వచ్చినదిగానే భావించాలి, కాదని నిరూపించే భారం అనుభవిస్తున్నవానిదే అని అది చెప్పింది. అంతవరకు నిరూపించవలసినవాడు చదువురాని సవర. 1988లో సుప్రీంకోర్టు కూడా ఆ నిబంధనను సమర్థించింది. సవరణ వచ్చిన ఏడాదే జూలై 10న సత్యం, కైలాసం బోరి కొండల్లో హతులయ్యారు. సభకు నడిచి వెళ్లిన కోరన్న, మంగన్నలు అప్పటికి మరణించి రెండేళ్లు దాటింది.