నవోదారవాద శబ్దార్థ విచారము

శాస్త్రమునం దొక నామము పుట్టి, కొంతకాలమునకుఁ దన యర్థమును విడిచి, వేఱొక యర్థముతో లోకమున సంచరించుట పండితు లెఱుఁగనిది కాదు. అర్థశాస్త్రమునందు నవోదారవాద మట్టి నామము. వార్తాపత్రికలలో నిది “నయా ఉదారవాద” మనియుఁ గానవచ్చును. హిందూస్తానీ పదము సంస్కృతపదముతోఁ గూడిన యీ వైరిసమాసమును మన్నింతము గాక. అర్థవిషయమున నట్లు మన్నింపరాదు. ఉదారుఁడనఁగా దాత యని చదివిన విద్యార్థి యీ వాదమును నూతనమైన దాతృత్వముగాఁ దలంపవచ్చును. ఇచట నుదారశబ్దము స్వాతంత్ర్యపరము. “లిబరల్” అను పాశ్చాత్యశబ్దమునకుఁ బర్యాయము. ఇఁక నవశబ్దమునకు ఫలమేమి? విశేషణము దేనినేని వ్యావర్తింపవలయును గదా! అది దేనిని వ్యావర్తించెనో చరిత్రమే చెప్పవలయును.

19వ శతాబ్దపుటుదారవాదులలోఁ బెక్కండ్రు, ప్రభుత్వము శాంతిని రక్షించి, వర్తకమును దాని త్రోవకు విడువవలయు ననిరి. 1929లో నారంభమైన యార్థికమాంద్యముతో నా మతము ప్రతిష్ఠ గోల్పోయెను. ఒకవంక రష్యా ప్రణాళికలును, ఒకవంక జర్మనీ నియంతృత్వమును బ్రబలుచుండఁగా, వాల్టర్ లిప్మన్ అను అమెరికా పత్రికారచయిత 1937లో “ది గుడ్ సొసైటీ” యను గ్రంథమును వెలువరించెను. దానిని జర్చించుటకై లూయీ రూజియే యను ఫ్రెంచి తత్త్వవేత్త 1938 ఆగస్టు 26 మొదలు 30 వఱకుఁ బారిసు నగరమున నొక గోష్ఠిని సమకూర్చెను. హయెక్, మీజెస్, రోప్కె, రుస్తో మున్నగువా రందుఁ బాల్గొనిరి. తమ మతమునకుఁ దగిన పేరు నరయుచు వారు చర్చించిన నామములలో నవోదారవాద మొకటి.

నామము కుదిరినను మతైక్యము కుదురలేదు. గుత్తాధిపత్యమునకుఁ గారణము ప్రభుత్వపు జోక్యమే యని మీజెస్ వాదించెను. ప్రభుత్వము దుర్బలమై స్వార్థపరుల వశమగుటయే కారణమని రుస్తో ప్రతివాదించెను. స్వేచ్ఛావర్తకమునకు బలిష్ఠమైన ప్రభుత్వ మావశ్యకమని యాతఁడు 1932లోనే యుపన్యసించి యుండెను. హిట్లరు ప్రభుత్వమునకు వచ్చిన పిమ్మట 1933లో స్వదేశమును విడిచి ఇస్తాంబులు చేరెను. కాఁబట్టి నవశబ్దము వ్యావర్తించినది ప్రభుత్వమును గాదు, ప్రభుత్వపు టుదాసీనతను.

1945లో హయెక్ ఈ వాదమునకు జ్ఞానసంబంధమైన యుపపత్తి నొసఁగెను. తగర మెచటనో కొఱవడినచో, కారణ మెఱుఁగని దూరదేశస్థులు సైతము ధర పెరుగుటను జూచి దానిని బొదుపుగా వాడుదురు. లోకమునఁ జెదరియున్న జ్ఞానమును ధర యిట్లు చేర్చును. ఏ ప్రణాళికాకర్తకును అంత జ్ఞానము లభింపదు. 1947 ఏప్రిలులో స్విట్జర్లాండునందలి మాంట్ పెలెరిన్ అను చోట నీ పండితులు మరలఁ గూడి యొక సంఘమును స్థాపించిరి. 1951లో మిల్టన్ ఫ్రీడ్మన్ నార్వే పత్రిక యొకదానియందుఁ బోటీని గాపాడుట, నాణెపువ్యవస్థను స్థిరపఱచుట, తీవ్రదారిద్ర్యమును దొలఁగించుట ప్రభుత్వధర్మములని వ్రాసెను. పశ్చిమజర్మనీలో 1957 నాఁటి పోటీరక్షణశాసనమునందు ఫ్రైబర్గు పండితుల భావములు ఫలించెను.

అటుపిమ్మట విపరీతము సంభవించినది. చికాగో పండితులు క్రమముగా గుత్తాధిపత్యభయమును సడలించిరి. నవోదారవాదులమని చెప్పుకొనుటయు మానిరి. 1973లో చిలీదేశమున సైన్యము ప్రభుత్వము నాక్రమింపఁగా, చికాగోలోఁ జదివిన యర్థశాస్త్రజ్ఞు లచట సంస్కరణములు నడపిరి. ధరలకు స్వేచ్ఛ గలిగెను, ప్రజలవాక్కునకుఁ గలుగలేదు. దక్షిణామెరికా విమర్శకుల వ్రాఁతలలో నీ శబ్దము నిందావాచక మయ్యెను. 1991లో పి. వి. నరసింహారావుగారు ప్రధానిగా నుండఁగా నారంభమైన సంస్కరణములను విమర్శించువారి తెలుఁగురచనలలోఁ గానవచ్చునది యీ రెండవ యర్థమే.

కావున నుపాధ్యాయు లీ శబ్దమును బోధించునపుడు రెండర్థములను వేఱుపఱచి చెప్పవలయునని నా విన్నపము. అట్లు చెప్పినచో విద్యార్థి, బలిష్ఠమైన ప్రభుత్వమును గోరిన రుస్తో యే బలమును గోరెను, చిలీలోఁ గలిగిన బల మెట్టిది యని ప్రశ్నింపఁగలఁడు. రెండర్థములను గలిపివేసినచో నా ప్రశ్నయే పుట్టదు.