గడ్డం కుంచె కథ

తెలుగు పాఠం చెప్పుకునేవాడికి గడ్డం కుంచెతో పనేమిటని మిత్రులు నవ్వవచ్చు. ప్రతి వస్తువు వెనుకా శ్రమను చూడమని విద్యార్థులకు చెప్పే నేను నా కుంచె వెనుక చూడకపోతే ఎలా?

1914 యుద్ధానికి ముందు రష్యా, చైనాల బ్యాడ్జర్ వెంట్రుక జర్మనీ, ఫ్రాన్సులకు చేరేది. అక్కడి కార్మికులు దానిని శుద్ధిచేసి, పొడవునుబట్టీ కొన తెలుపునుబట్టీ రకాలుగా వేరుచేసేవారు. యుద్ధం ఆ దారి మూసింది. వ్యాపారులు ఆసియా గుర్రపు వెంట్రుకను నేరుగా తెప్పించి, తెల్లబరచి, నడుమ నల్లరంగు పట్టించి, బ్యాడ్జర్‌ను మరపించారు. రంగుకు దొరికిన తీరిక శుద్ధికి దొరకలేదు! మన రైతులు దొమ్మ అనే ఆంత్రాక్సు రోగపు సిద్ధబీజాలు సబ్బునీళ్లకు చావవు. అవి గడ్డం గాట్లలోంచి ఒంట్లోకి దిగాయి. 1915–24 మధ్య బ్రిటన్, అమెరికాలలో సైనికులూ పౌరులూ కలిపి సుమారు 200 మంది జబ్బుపడ్డారు. 1920లో బ్రిటన్ జపాను కుంచెల దిగుమతిని నిషేధించింది.

వెంట్రుకను చేత్తో వేరుచేసేవారికి మాత్రం ఈ రోగం పాతదే. ఇంగ్లండులోని బ్రాడ్‌ఫర్డ్ మిల్లులలో ఉన్ని ఏరే కార్మికులు చనిపోతున్నది దీనితోనేనని డాక్టర్ జాన్ హెన్రీ బెల్ 1880 నాటికే చూపించాడు. గడ్డం గీసుకునేవారి కోసం నిషేధం అయిదేళ్లలో వచ్చింది. ఉన్ని మిల్లు చేరకముందే ప్రభుత్వం దానిని శుద్ధిచేయించే చట్టం 1919 దాకా రాలేదు.