ఇంటిపన్ను పుస్తకము – గ్రామ చరిత్రమున కొక ఆధారము

గ్రామ చరిత్రమనగానే మనము దేవాలయమునందలి శాసనమును, కోటదిబ్బను, వృద్ధులు చెప్పు ముచ్చటలను తలంతుము. అవి యన్నియు అమూల్యములే. కాని పంచాయతీ కార్యాలయపు బీరువాలో అట్టలూడి, అంచులు చిరిగి పడియుండు ఇంటిపన్ను పుస్తకము కూడ ఒక చరిత్ర గ్రంథమేయని తలంచువారు తక్కువ. శాసనములు రాజులను గూర్చి చెప్పును. ఈ పుస్తకము మన తాతగారి ఇంటి గోడ మట్టిదో ఇటుకదో, కప్పు తాటాకుదో పెంకుదో చెప్పును. అంతేకాక, ఆ యిల్లు ఎవరి పేర నున్నదను ప్రశ్న పుట్టినప్పుడు మొదట తెరువబడునది ఈ పుస్తకమే. కావున దాని పుట్టుపూర్వోత్తరములను, దానిని చూచు విధమును, దాని మాటను ఎంతవరకు నమ్మదగునో ఆ మేరను ఈ రజతోత్సవ సంచికయందు కొంత వివరించుట యుచితమని తోచినది.

పన్ను ఎంతయో ప్రజలకు తెలిసియుండవలెనను భావము మన దేశమునకు క్రొత్తది కాదు. కాకతీయ గణపతిదేవ చక్రవర్తి 1244 ప్రాంతమున మోటుపల్లి రేవులో అభయశాసనమును వేయించెను. నేడు బాపట్ల జిల్లాలో నున్న ఆ గ్రామము నాడు సముద్ర వ్యాపారమునకు పేరుపొందిన రేవు. తుపానులో చెడి తీరమునకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని సరకును పాలకులు కాజేయు దురాచారమును ఆయన మాన్పెను. నిర్ణీతమైన సుంకము మాత్రమే తీసికొందునని మాటయిచ్చి, ఆ సుంకముల వివరమును రాతిపై చెక్కించెను. అది వర్తకుల సుంకము గాని ఇండ్ల పన్ను గాదు. అయినను అందలి నీతి మన విషయమునకు వర్తించును. వసూలు చేయువాని నోటిమాట వేరు. నలుగురు చదువగల వ్రాత వేరు. ఇంటిపై పన్నును గూడ మన పూర్వులెరుగుదురు. మధ్యయుగపు శాసనములలో దానికి ‘ఇల్లరి’ యను పేరు కానవచ్చును.

అయితే రాతివ్రాతలు అరుదు. గ్రామపు దినదిన లెక్కలు కరణముల యొద్ద కవిలెలలో నుండెడివి. 18వ శతాబ్ది చివరను, 19వ శతాబ్ది మొదటను కర్నల్ కాలిన్ మెకంజీ, కావలి సోదరులైన వేంకట బొర్రయ్య, వేంకట లక్ష్మయ్య మొదలగువారి సహాయముతో గ్రామ చరిత్రములను సేకరింప బూనినప్పుడు ఆ కవిలెలే పెద్ద ఆధారములైనవి. నేడు కైఫీయతులని మనము చెప్పుకొను గ్రంథజాలము అట్లు పుట్టినది. ఈ మెకంజీయే 1815లో భారతదేశపు మొదటి సర్వేయర్ జనరల్ అయ్యెను. దీనివలన పన్ను లెక్కయే ఊరి చరిత్రమునకు ముడిసరకని మనము గ్రహింపవచ్చును. కాని ఆ లెక్క కరణముగారి ఇంట, తెలంగాణమున పట్వారీ ఇంట నుండెడిది. పన్ను చెల్లించు సామాన్యునకు దానిని విప్పి చూచు అవకాశము స్వల్పము. చూచినను చదువనేర్చినవారు తక్కువ.

ఆంగ్లేయుల కాలమున రైత్వారీ సర్వేలు జరిగి ప్రతి పొలమునకు సర్వే నంబరు, విస్తీర్ణము, శిస్తు ఏర్పడినవి. కృష్ణా, గోదావరీ మండలములలో ఇంగ్లీషు, తెలుగు భాషలు రెంటిలోను సిద్ధపరచిన ‘డైగ్లాటు’ రిజిస్టర్లను నేటికిని భూవివాదములలో వెదకి చూచుచున్నారు. కాని ఈ పుస్తకములు పొలము నెరుగును గాని ఇంటి నెరుగవు. ఊరు వెలసిన స్థలమునంతయు గ్రామకంఠమని చూపి, శిస్తులేని భూమిగా వదలివేసిరి. లోపల ఎన్ని ఇండ్లున్నవో, ఏ ఇల్లెవరిదో, హద్దు లెక్కడివో వ్రాయలేదు. పది సెంట్ల మెట్టకు పట్టా చూపగల రైతు తాను పుట్టిన ఇంటికి కాగితము చూపలేకపోవుటకు మూలకారణమిదియే. మొహతర్ఫా యను పన్ను చేతివృత్తులపైనను, అంగళ్లపైనను, మగ్గములపైనను, కొన్నిచోట్ల ఇండ్లపైనను ఉండెడిది గాని, అది 1860 దశకారంభమున తొలగిపోయినది.

ఇంటిపన్నునకు నేటి రూపము స్థానిక స్వపరిపాలనముతో వచ్చినది. 1884 నాటి మద్రాసు స్థానిక బోర్డుల చట్టము జిల్లా బోర్డులను, తాలూకా బోర్డులను, వాటి క్రింద యూనియన్లను ఏర్పరచెను. యూనియను పంచాయతీకి ముఖ్యమైన రాబడి ఇంటిపన్ను. వీధులు ఊడ్చుట, దీపములు పెట్టుట, బావులు, మురుగుకాల్వలు బాగుచేయుట దాని ఖర్చులు. తరువాత 1920లోను, 1950లోను మద్రాసు గ్రామ పంచాయతీల చట్టములు వచ్చినవి. తెలంగాణమున 1956లో హైదరాబాదు గ్రామ పంచాయతీల చట్టము వచ్చినది. రెండు ప్రాంతములకు కలిపి 1964లో ఒక చట్టము, దాని స్థానమున 1994లో పంచాయతీరాజ్ చట్టము వెలువడినవి. రాష్ట్ర విభజన పిమ్మట 2018లో తెలంగాణమునకు వేరు చట్టమేర్పడినది. చట్టములు మారినను ఇంటిపన్ను నిలిచినది. పొలపు లెక్కలు విడిచిన ఇంటిని పంచాయతీ పుస్తకము పట్టుకొన్నది. గ్రామకంఠములోని ఇంటికి అనేక సంవత్సరములపాటు ప్రభుత్వపు వ్రాతయనదగినది ఆ పుస్తకములోని ఒక్క పంక్తియే.

ఇప్పుడు ఆ పుస్తకమును తెరచి చూతము. ముఖ్యముగా రెండు రిజిస్టర్లుండును. మొదటిది పన్ను నిర్ధారణ రిజిస్టరు. ఇందు ఇంటి నంబరు, యజమాని పేరు, ఇంటి రకము, కొలతలు, విలువ, దానిపై కట్టిన పన్ను వ్రాయబడును. ఆ విలువను ఇంటి మూలధనపు విలువగా గాని, ఏడాదికి రాదగిన అద్దెగా గాని లెక్కించు పద్ధతులు చట్టమునందు గలవు. రెండవది డిమాండు రిజిస్టరు. ఇందు ఆ యేటి పన్ను, పాత బకాయి, చెల్లించిన మొత్తము, రసీదు వివరము ఉండును. మొదటి పుస్తకము ‘ఎంత, ఏల’ యను ప్రశ్నకును, రెండవది ‘ఇచ్చితిమా, లేదా’ యను ప్రశ్నకును సమాధానము. చెల్లించిన రసీదు చేతనుండగా బకాయి యడిగినచో రెండవ పుస్తకమును, ఇరుగుపొరుగు ఇండ్లకంటె పన్ను హెచ్చుగా తోచినచో మొదటి పుస్తకమును చూడవలయును.

గృహస్థుడు చూడవలసిన సంగతులు నాలుగు. పేరు సరిగానున్నదా? కొలత నిజమైన కొలతయేనా? పెంకుటింటిని డాబాగా గాని, కూలిన కొట్టమును నిలిచియున్నట్లు గాని వ్రాసిరా? వెనుకటి నంబరునకును నేటి నంబరునకును పొత్తు కుదిరినదా? ఈ నాల్గవది మిక్కిలి ముఖ్యము. ఇండ్లకు నంబర్లు తిరుగవేసినప్పుడెల్ల పాత రసీదులోని నంబరు క్రొత్త పుస్తకమున కానరాదు. అందుచే నేటి రిజిస్టరునుండి వెనుకకు, ఒక్కొక్క సవరణ రిజిస్టరును వరుసగా చూచుచు పోవలయును. పేరు, ప్రక్కయిండ్ల వారి పేర్లు, కొలతలు కలిసి త్రోవ చూపును. ఒక్క రసీదునైనను పారవేయరాదని పెద్దలు చెప్పుట ఇందులకే. పన్ను సవరించి నోటీసు నిచ్చినప్పుడు అందు చెప్పిన గడువులోపల ఆక్షేపణను వ్రాతమూలముగా నీయవలయును. గడువు దాటిన పిమ్మట చేయు గోడు వినువారు తక్కువ.

పుస్తకము చూపుమని యడుగుట దయను కోరుట కాదు. 2005 నాటి సమాచారహక్కు చట్టము ప్రకారము పంచాయతీ లెక్కలను చూచుటకును, నకళ్లు పొందుటకును పౌరునకు హక్కు గలదు. సామాన్యముగా 30 దినములలో బదులీయవలయును. ఆ యేటనే ఉమ్మడి రాష్ట్రము చేసిన నియమములలో గ్రామస్థాయి కార్యాలయమునకిచ్చు దరఖాస్తుకు రుసుమే లేకుండెను. ఒకప్పుడు కరణముగారి అరుగుక్రింద నిలిచి యడుగవలసిన సంగతిని నేడు తెల్లకాగితముపై వ్రాసి యడుగవచ్చును. ఇది చిన్న మార్పు కాదు.

అయితే ఇచ్చట నొక హెచ్చరిక యవసరము. ఇంటిపన్ను పుస్తకము పన్ను చెల్లించువారి నెరుగును గాని హక్కుదారులను నిర్ణయింపదు. లెక్కల పుస్తకమున పేరు మారినంత మాత్రమున హక్కు పుట్టదనియు, పోదనియు భూమి రికార్డుల విషయమున సుప్రీంకోర్టు 1996లో స్పష్టముగా చెప్పినది. హక్కునకు దస్తావేజు, వీలునామా, వారసత్వము మూలములు. పన్ను రసీదు స్వాధీనమునకు ఒక సాక్ష్యము మాత్రమే. ఈ భేదము తెలియక నష్టపడువారిలో స్త్రీలు హెచ్చు. తండ్రి పోయిన పిదప పెద్దకుమారుని పేర ఇల్లు ఎక్కించుట ఊళ్లలో వాడుక. పదియేండ్లు గడచిన తరువాత ఆ పేరే హక్కని అందరును తలంతురు. తల్లి పేరు కాని, ఆడబిడ్డల పేరు కాని ఆ పంక్తిలో కానరాదు. హిందూ ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కుమార్తెలకు సమభాగమిచ్చు చట్టమును మన రాష్ట్రము 1986లోనే చేసినది. దేశమంతటికి 2005లో వచ్చినది. పుస్తకమున పేరు లేదని చట్టమిచ్చిన భాగము పోదు. కాని పేరు లేనివారు తమ భాగమును నిరూపించుకొనుటకు కోర్టుల చుట్టు తిరుగవలసి వచ్చును. వారసులందరి పేర్లును వ్రాయించుట ఒక్కపూట పని. వ్రాయింపకుండుట ఒక తరపు వ్యాజ్యము.

పేదవాని విషయమున ఆ పంక్తి మరింత విలువైనది. ఇతరుల స్థలములలో గుడిసెలు వేసికొని జీవించు వ్యవసాయ కూలీలకు, చేతివృత్తులవారికి ఆ నివేశన స్థలములపై యాజమాన్యము కల్పించుటకు 1976లో ఆంధ్రప్రదేశమున ఒక చట్టము వచ్చినది. అట్టివారిని ‘నీ వెప్పటినుండి యుంటివి?’ అని యడిగినప్పుడు పాత పన్ను రసీదు పలుకునంత గట్టిగా నోటి సాక్ష్యము పలుకదు. పన్ను వేసిరని విచారించువారు, పన్ను పుస్తకమునకే ఎక్కని ఇంటివాని కష్టమును కూడ తలంపవలయును.

1984 జనవరిలో ప్రభుత్వము కరణము, మునసబు, పటేలు, పట్వారీ పదవులను రద్దుచేసెను. వంశపారంపర్యపు పెత్తనము పోయినది గాని, కొన్నిచోట్ల పాత లెక్కలును దానితో చెదరిపోయినవి. 2020 ఏప్రిల్ 24వ తేదీన కేంద్ర ప్రభుత్వము స్వామిత్వ పథకమును ప్రారంభించినది. డ్రోనులతో గ్రామ నివాస స్థలములను చిత్రించి, ఇంటింటికి ఆస్తికార్డు నిచ్చుట దాని యుద్దేశము. రైత్వారీ సర్వే విడిచిన గ్రామకంఠమును కొలుచు ప్రయత్నమిది. అయినను ఆకాశమునుండి తీసిన చిత్రము కప్పును చూపును గాని, కప్పు క్రింద నెవరికెంత భాగమో చూపదు. ఆ సంగతిని మరల గృహస్థుడే పాత పుస్తకములతో సరిచూచి చెప్పుకొనవలయును.

ఈ పుస్తకమునకును మన గ్రంథాలయమునకును గల బంధమును చెప్పి ముగింతును. 1948 మద్రాసు పౌర గ్రంథాలయముల చట్టము ఇంటిపన్నుతో కలిపి గ్రంథాలయ సెస్సు వసూలుచేయు పద్ధతిని తెచ్చినది. తెలంగాణ ప్రాంతమున 1955లో హైదరాబాదు చట్టము వచ్చినది. రెంటి స్థానమున 1960లో ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయముల చట్టమేర్పడినది. దాని క్రింద సెస్సు ఇంటిపన్ను రూపాయికి 8 పైసలుగా నడచినది. అనగా 500 రూపాయల పన్ను గల ఇంటినుండి 40 రూపాయలు పుస్తకములకు, పత్రికలకు రావలయును. ఆ సొమ్ము వసూలైన పిదప జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరవలయును. చేరక బాకీపడిన పంచాయతీలును, పురపాలక సంఘములును కలవు. పన్ను రసీదులో సెస్సును చూచిన పాఠకుడు అది చేరినదా యని యడుగుటకు అర్హుడే.

కావున చందాదారులకు నా విన్నపమిది. ఏడాదికొకమారు పన్ను చెల్లించునాడు మీ ఇంటి పంక్తిని స్వయముగా చదివి, దాని నకలు నొకటి తెచ్చి ఇంటిలో భద్రపరచుడు. చదువురాని పొరుగువారికి వారి పంక్తిని చదివి వినిపింపుడు. పంచాయతీవారు సమ్మతించినచో, శిథిలమగుచున్న పాత రిజిస్టర్లకు ప్రతులు తీయించి ఒకటి పంచాయతీలోను, ఒకటి మన గ్రంథాలయములోను ఉంచుదము. చెదలు తిన్న పుటను తిరిగి వ్రాయగలవారు లేరు; మిగిలిన పుటలనైనను ఈ సంవత్సరమే కాపాడుకొందము.