కదలెడి బొమ్మలు – కదలని కథలు

తాండూరు ప్రాంతమున పెరళ్లకు, పొలములకు నాపరాతి బండలను నిలువుగా పాతి గోడగా కట్టుట కలదు. బండకును బండకును నడుమ సన్నని సందులుండును. అట్టి గోడకు ఆవల ఎడ్లబండి పోవుచుండగా ఈవల నిలిచి సందులగుండ చూచినచో, చక్రపు ఆకులు తిన్నగా గాక వంగినట్లు కనిపించవచ్చును. ఈ వింతనే 1824లో లండనులో పీటర్ మార్క్ రోజే అను వైద్యుడు ఒక వ్యాసమున వివరించెను. చలనచిత్రముల చరిత్రను పలువురు ఈ వ్యాసముతోనే ఆరంభింతురు.

1832లో బెల్జియము శాస్త్రజ్ఞుడు జోసెఫ్ ప్లాటో గుండ్రని అట్ట అంచున సందులు కోసి, దానిపై ఒకే మనిషి నాట్యభంగిమలను వరుసగా గీసి, అద్దము ముందు త్రిప్పెను. సందులగుండ చూచువారికి ఆ బొమ్మ నాట్యమాడెను. కంటిలో ప్రతిబింబము కొంతసేపు నిలుచుటయే ఇందుకు కారణమని పూర్వము చెప్పెడివారు. అది పూర్తి సమాధానము కాదు. విడివిడి బొమ్మలను కలిపి చలనముగా గ్రహించునది మెదడు అని 1912లో మాక్స్ వెర్థైమర్ జరిపిన ప్రయోగములు చూపినవి.

బొమ్మ కదలుటయే వింత అయిన రోజులలో కథ అవసరము కాలేదు. కాని వింత పాతబడుటకు ఎంతో కాలము పట్టదు. పారిస్ నగరమున ఎమిల్ రేనో దీనిని త్వరగా గ్రహించెను. 1892లో ఆయన ప్రదర్శించిన "పూర్ పియరో" అను చిత్రమున చేతితో చిత్రించిన సుమారు 500 బొమ్మలున్నవి. వానిని ముందుకు, వెనుకకు నడుపుచు ఆయన ఒక చిన్న ప్రేమకథను చెప్పెను.

అమెరికాలో వాల్ట్ డిస్నీ స్టూడియో చరిత్ర మరింత బోధకము. 1932లో వెలువడిన "ఫ్లవర్స్ అండ్ ట్రీస్" అను చిత్రమును జనులు ముఖ్యముగా దాని రంగులకొరకు మెచ్చుకొనిరి. మరుసటి సంవత్సరమే వచ్చిన "త్రీ లిటిల్ పిగ్స్" అను చిత్రమున మూడు పందిపిల్లల రూపము ఇంచుమించు ఒక్కటే. ఐనను వాని నడక, మాట, బుద్ధి వేరు. ఎవరు సోమరియో, ఎవరు ముందుచూపు కలవాడో పసిబిడ్డకు కూడ తెలియును. గోడపై వరుసగా గుచ్చిన చిత్తుబొమ్మలతో కథను ముందే పరీక్షించు పద్ధతియు ఆ రోజులలోనే ఆ స్టూడియోలో స్థిరపడెను.

1937లో అదే స్టూడియో "ది ఓల్డ్ మిల్" అను చిత్రమును తీసెను. తాండూరునుండి వికారాబాదునకు రైలులో పోవునపుడు దగ్గరి స్తంభములు వేగముగాను, దూరపు అనంతగిరి కొండలు మెల్లగాను వెనుకకు జరుగును గదా! ఆ లోతును తెరపై చూపుటకై, వేర్వేరు దూరములందు అమర్చిన గాజుపలకలపై దృశ్యమును ముక్కలుగా చిత్రించి, పైనుండి కెమెరాతో తీసిరి. చిత్రము అతి సుందరము. అకాడమీ బహుమతియు పొందెను. కాని అందు ఒక పాత గాలిమర, కొన్ని పక్షులు, ఒక తుఫాను రాత్రి – ఇంతకుమించి కథ లేదు. అయినను అది వృథా కాలేదు. ఆ ఏడాది డిసెంబరులో వచ్చిన "స్నో వైట్" అను పెద్ద కథాచిత్రమునకు అది ప్రయోగశాల అయ్యెను. అందమును పరీక్షించుట వేరు, అందముతోనే ప్రేక్షకుని కూర్చుండబెట్టగలమనుకొనుట వేరు.

మన తోలుబొమ్మలాటవారు ఈ సంగతిని ఏనాడో ఎరుగుదురు. దీపపు వెలుతురులో రంగులీను రాముని బొమ్మ ఎంత అందమైనదైనను, దానినే చూచుచు జనము తెల్లవార్లు మేలుకొనరు. అందుకే రామాయణ కథ నడుమ జుట్టుపోలిగాడు, బంగారక్క వచ్చి నవ్వించెదరు.

మనదేశమున ఫిల్మ్స్ డివిజన్ 1948లో ఏర్పడెను. డిస్నీ స్టూడియోలో పనిచేసిన క్లెయిర్ వీక్స్ వచ్చి ఇచట శిక్షణ ఇచ్చెను. 1957లో ఒక జాతక కథ ఆధారముగా "ది బన్యన్ డీర్" వెలువడెను. 1974లో విజయ ములే, భీమ్‌సేన్ కలిసి రూపొందించిన "ఏక్ అనేక్ ఔర్ ఏకతా" అను చిత్రము ఏడు నిమిషములదే. బొమ్మలు మిక్కిలి సాదా. పక్షులు వలలో చిక్కి, ఒక్కటిగా ఎగిరి, ఎలుకల సాయమున బయటపడుటయే కథ. చిన్నయసూరి నీతిచంద్రికలో చిత్రగ్రీవుని కథ చదివినవారికి ఇది పాత చుట్టమే. దూరదర్శన్‌లో దానిని చూచిన పిల్లలు పెద్దవారైన పిదప కూడ పాటతో సహా జ్ఞాపకముంచుకొనిరి.

హైదరాబాదు స్టూడియోలకు తరువాతి కాలమున విదేశముల పని విస్తారముగా వచ్చినది. కథ, పాత్రల రూపము అక్కడ నిర్ణయమై వచ్చెడివి; బొమ్మలను కదిలించు పని ఇక్కడ జరిగెడిది. చేయి తిరిగినది గాని, కథ అల్లు అలవాటు అంతగా పెరుగలేదు. దీనికి భిన్నముగా 2001లో హైదరాబాదున రాజీవ్ చిలక స్థాపించిన గ్రీన్ గోల్డ్ సంస్థ తన సొంత పాత్రను సృష్టించినది. 2008లో టెలివిజనులో ప్రారంభమైన "ఛోటా భీమ్" గీత సులువైనదే. కాని భీముడు ఎవరో, అతనికి ఏమి ఇష్టమో, ఎవరితో తగవో పిల్లలకు తెలియును.

నేడు కంప్యూటరు ఆకులపై మంచుబిందువును సైతము క్షణములో చిత్రించును. కనుకనే కంటికింపైన బొమ్మ ఒక్కటే చాలునను భ్రమ ఇప్పుడు మరింత సులభముగా కలుగును.

తాండూరు, వికారాబాదు పాఠశాలల విద్యార్థులు దీనిని స్వయముగా పరీక్షింపవచ్చును. 1906లో స్టూవర్ట్ బ్లాక్టన్ నల్లబల్లపై సుద్దబొమ్మలతోనే చిత్రము తీసెను. నల్లబల్ల, సుద్దముక్క, కదలకుండ నిలిపిన ఒక ఫోను ఉన్న చాలును. క్షణమునకు 12 బొమ్మల చొప్పున అర నిమిషమునకు 360 బొమ్మలు కావలెను. అంత శ్రమకు పూనుకొనుటకు ముందు కథను ఎనిమిది చిత్తుబొమ్మలలో గీసి, ఒక్కొక్కటిగా మిత్రునికి చూపుడు. నాలుగవ బొమ్మవద్ద అతడు "తరువాత ఏమైనది?" అని అడిగినచో సుద్దముక్క అందుకొనవచ్చును. "బొమ్మ బాగున్నది" అని మాత్రమే అనినచో ఎనిమిదింటిని తుడిచి మరల ఆరంభింపుడు. 360 బొమ్మలు గీసిన పిదప తుడుచుటకంటె ఇది మేలు.